తలా ఒక డాలర్ : టెర్రీ ఫాక్స్ పరుగు

టెర్రీ ఫాక్స్ 1958 జూలై 28న కెనడాలోని విన్నిపెగ్ నగరంలో పుట్టాడు. మన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలగడానికి కొన్ని నెలల ముందన్నమాట. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ అంటే అతనికి ప్రాణం. పొట్టివాడివి, నీకు రాదని అన్నా మానలేదు. స్నేహితుడు డగ్ ఆల్వర్డ్‌తో కలిసి సాధన చేసి జట్టులో చోటు సంపాదించాడు.

1977లో కుడి మోకాలి నొప్పితో ఆసుపత్రికి వెళితే ఎముక క్యాన్సర్ అని తేలింది. మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పటికి అతని వయసు 18 ఏళ్ళు. తరువాత 16 నెలలు కీమోథెరపీ సాగింది. ఆ వార్డులో తనతోపాటు బాధపడుతున్నవాళ్ళను, చిన్నపిల్లలను చూశాడు. తాను బతికి బయటపడ్డాడు, కొందరు పడలేదు. వాళ్ళ కోసం ఏదైనా చేయాలనుకున్నాడు. కెనడాను ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కూడబెట్టాలని నిశ్చయించాడు.

1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ తీరంలోని సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలిని సముద్రపు నీటిలో ముంచి బయలుదేరాడు. వెనక డగ్ వ్యాన్ నడిపాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు! మనం భిలాయి నుంచి రాయ్‌పూర్ చేరి, ఆగకుండా ఇంకా ముందుకు పోవలసినంత దూరం. మంచు, వాన, ఎండ దేన్నీ లెక్కచేయలేదు. కృత్రిమ కాలు ఒరుసుకుని పుండ్లు పడేవి.

మొదట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. కానీ పోర్ట్ ఓ బాస్క్ అనే ఊళ్ళో సుమారు 10,000 మంది ఉంటే, 10,000 డాలర్లు పోగయ్యాయి. దేశంలో ప్రతి ఒక్కరి నుంచీ ఒక డాలర్ రావాలన్నది టెర్రీ ఆశ. తన పేరును వ్యాపార ప్రకటనలకు మాత్రం ఇవ్వలేదు. దారిలో, తనలాగే ఎముక క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న పదేళ్ళ గ్రెగ్ స్కాట్ సైకిల్ తొక్కుతూ వెంట వచ్చాడు. టెర్రీకి ఆ స్నేహం ఎంతో బలాన్నిచ్చింది.

సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర దగ్గు, ఛాతీ నొప్పి అతన్ని ఆపేశాయి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. 1981 జూన్ 28న, 23వ పుట్టినరోజుకు ఒక నెల ముందు, టెర్రీ కన్నుమూశాడు.

బదిలీల మీద ఏ ఊరు వెళ్ళినా మేము ఈ కథ పిల్లలకు చెబుతుంటాం. ప్రతిచోటా అదే సందేహం వస్తుంది: పసిఫిక్ తీరం చేరలేదు కదా, ఓడిపోయినట్టేనా? మా జవాబు ఒక లెక్క. 1981 ఫిబ్రవరి నాటికి నిధి 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది. అప్పటి కెనడా జనాభా కూడా ఇంచుమించు అంతే. తలా ఒక డాలర్ వచ్చేసింది.

ఆ సెప్టెంబర్‌లోనే మొదటి టెర్రీ ఫాక్స్ పరుగు జరిగింది. అప్పటి నుంచి ఏటా ఎన్నో దేశాల్లో జనం పరుగెత్తుతున్నారు. ఇందులో గెలుపు ఓటములు ఉండవు, నడిచినా సరే. మన సెక్టార్లలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఇరుగుపొరుగు తలా కొంత వేసుకోవడం మీరూ చూసే ఉంటారు. ఈసారి అలా డబ్బా మన ముందుకు వస్తే, పది రూపాయలేనా అని వెనకాడకండి. టెర్రీ అడిగింది కూడా మనిషికి ఒక్క డాలరే.