భుజమే బ్రేకు

మన నస్పూర్‌ను ఒకప్పుడు ఏలింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1866లో పుట్టి, మూడేళ్లు నిండకముందే గద్దెనెక్కిండు. 1884లో అధికారం చేతికొచ్చింది. గురిలో మొనగాడు. పులుల వేటతో తీస్‌మార్‌ఖాన్ అని పేరు. (పాపం పులులు, అది వేరే ముచ్చట.)

మెకానికల్ దోస్తులకు తెలిసిందే, గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కి తంతది. ఇప్పుడైతే గొట్టం మూతికి మజిల్ బ్రేక్ బిగిస్తరు. దాని రంధ్రాలు గ్యాస్‌ను పక్కలకు మళ్లించి ఆ తన్నుడు తగ్గిస్తాయి. పక్కనున్నోళ్ల చెవులు మాత్రం గింగురుమంటాయి. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో దానికి అనుమతే లేదు. మహబూబ్ కాలపు వేట రైఫిళ్లకూ అది ఉండేది కాదు. దెబ్బంతా భుజమే కాయాలి, గురి చెదరొద్దు.

ఇంత వేట పిచ్చి ఉన్న మనిషే 1908 మూసీ వరదల్లో నిలువనీడ లేనోళ్లకు తన మహల్ తలుపులు తెరిచిండు. 1911లో, 45 ఏళ్లకే, ఫలక్‌నుమాలో కన్నుమూసిండు.