వెన్నెల పువ్వును గీసిన మార్గరెట్ మీ

అడవి బిడ్డలమని మనం గర్వంగా చెప్పుకుంటాం. తెల్లవారుజామున ఇప్ప పువ్వు రాలుతుందని మన అవ్వలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి అడవికి దూరంగా పుట్టి, పరాయి దేశపు అడవిలో ఒక్క పువ్వు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన చిత్రకారిణి గురించి విన్నారా? ఆమె మార్గరెట్ మీ. ఆమె జీవితాన్ని మన యువతకు పరిచయం చేస్తున్నాం.

మార్గరెట్ 1909 మే 22న ఇంగ్లండులోని చెషామ్‌లో పుట్టారు. లండన్‌లో చిత్రకళ నేర్చుకున్నారు. జబ్బుపడిన తోబుట్టువును చూసుకోవడానికి 1952లో బ్రెజిల్‌లోని సావో పావులో నగరానికి వెళ్లి, అక్కడే ఉండిపోయి పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పారు. 1956లో, 47 ఏళ్ల వయసులో, తొలిసారి అమెజాన్ అడవిలో అడుగుపెట్టారు. 1988 వరకు మొత్తం 15 సార్లు ఆ అడవికి ప్రయాణించారు.

పడవే ఆమె ఇల్లు, ఊయల మంచమే పడక. మలేరియా వచ్చింది, కామెర్లూ వచ్చాయి. అయినా మానలేదు. కోసిన పువ్వు గంటల్లోనే వాడి రంగు మారిపోతుంది. అందుకే బతికున్న మొక్కను ఎదురుగా పెట్టుకుని, ఆకు మీది మచ్చ, కాడ మీది ముల్లు కూడా వదలకుండా గీసేవారు. శాస్త్రవేత్తలకు అప్పటిదాకా తెలియని మొక్కలు కూడా ఆమెకు దొరికాయి. అనాస కుటుంబానికి చెందిన ఒక మొక్కకు ఆమె పేరే పెట్టారు.

రియో నీగ్రో నది పొంగి చెట్ల మొదళ్లు మునిగే చోట ఒక జెముడు మొక్క మానుకు అంటిపెట్టుకుని పెరుగుతుంది. దాని తెల్లని పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుని, తెల్లారేసరికి వాడిపోతుంది. అదే వెన్నెల పువ్వు. ఆ మొక్క ముందే కనిపించినా, పూత వేళ మాత్రం చాలాకాలం చిక్కలేదు. చివరికి 1988 మే నెలలో, 79వ ఏట, రాత్రంతా పడవ మీద కూర్చుని ఆ పువ్వు విచ్చుకోవడం చూస్తూ గీశారు. అదే ఏడాది నవంబరు 30న ఇంగ్లండులో కారు ప్రమాదంలో కన్నుమూశారు.

ఒక మాట మనం మరువకూడదు. బొమ్మ కింద ఉన్నది ఆమె పేరే. కానీ ఆ నదుల మీద ఆమెకు పడవ నడిపినవారు, దారి చూపినవారు అక్కడి ఆదివాసులు, నది ఒడ్డున బతికే జనం. వారి తోడు లేకుండా ఆ ప్రయాణాలు సాగేవి కావు. వారిలో చాలామంది పేర్లు లోకానికి తెలియవు.

వెళ్లిన ప్రతిసారీ అడవి తరిగిపోతుండటం ఆమె కళ్లారా చూశారు. ఒకప్పుడు మొక్కలు గీసిన చోట కాలిన మోడులు కనిపించాయి. అందుకే తర్వాతి బొమ్మల్లో మొక్క ఒక్కదాన్నే కాక, దాని వెనకున్న అడవినీ గీశారు. అడవుల నరికివేత మీద బహిరంగంగా గొంతెత్తారు. ఆమె చిత్రాలు నేడు లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో భద్రంగా ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆమెకు లేనిది మనకుంది. అడవి మన గుమ్మం ముందే ఉంది, దాన్ని ఎరిగిన పెద్దలు మన ఇంట్లోనే ఉన్నారు. ఈ సెలవుల్లో ఒక్క మొక్క ముందు కూర్చోండి. బొమ్మ చక్కగా రాకపోయినా ఫర్వాలేదు. దాని కింద మన భాషలో ఆ మొక్క పేరు, అది పూసే కాలం, అది చేసే మేలు రాయండి. చెప్పిన అవ్వ పేరో, తాత పేరో తప్పకుండా రాయండి. మన బొమ్మల కింద మనవాళ్ల పేర్లు ఉండాలి.