ఒక్క ఓటు

టంగుటూరి ప్రకాశం పంతులుగారనగానే 1928లో మద్రాసులో తుపాకీకి ఎదురొడ్డిన రొమ్మే మీకు గుర్తొస్తుంది. ఆయన చూపిన మరో ధైర్యాన్ని మనం మరచిపోయాం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన చిత్తూరు జిల్లా అందులోదే. తొలి ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 81 ఏళ్లు. మద్యనిషేధం ఎత్తివేయమని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. పంతులుగారు ఒప్పుకోలేదు. కూలిడబ్బు ఇంటికి చేరని సాయంత్రాలు మన విచారణల్లో ఎవరికి తెలియవు? అయితే కల్లుగీత కార్మికుల పొట్ట కొట్టినట్లయిందన్నదీ నిజమే; వారి గోడు ఆయన ఇంకొంత ఆలకించవలసింది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. ప్రభుత్వం పడిపోయింది.

బారిస్టరుగా లక్షలార్జించి, ఉద్యమానికీ ‘స్వరాజ్య’ పత్రికకూ ధారపోసిన ఆ వృద్ధుడు 1957 మే 20న కన్నుమూసేనాటికి తనకంటూ ఆస్తి మిగుల్చుకోలేదు.