పరాయి దేశంలో అండగా నిలిచినవారు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

ప్రపంచానికి ప్రాణాలు నిలిపే మందులను అందించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పరిశోధనల గురించి మనలో చాలామంది విన్నాం. తెలిసినవారెవరూ లేని దేశంలో ఆయన ఎలా నిలదొక్కుకున్నారో, అక్కడి మనుషులు ఆయనకు ఎలా తోడయ్యారో కూడా మనం తెలుసుకోవాలి. పై చదువుల కోసం కొత్త ఊళ్ళకు వెళ్ళక తప్పని హాస్టల్ విద్యార్థులం కదా మనం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. డబ్బు సంపాదించాలని చిన్నతనంలోనే కాశీకి బయలుదేరితే ఇంటివాళ్ళు దారిలో పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి పాసయ్యారు. మామగారి సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు తొడుక్కోవడం అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. దక్కక, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోవడం ఆయన మనసును బాగా గాయపరిచింది. ఇలాంటి జబ్బులకు మందు కనుక్కోవాలన్న పట్టుదల ఆయనలో పెరిగింది.

మద్రాసులో పరిచయమైన ఒక అమెరికన్ వైద్యుడి ప్రోత్సాహంతో ఆయన చూపు హార్వర్డ్ విశ్వవిద్యాలయం వైపు మళ్ళింది. స్కాలర్‌షిప్ లేదు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకున్నారు. 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరంలో దిగారు. చేతిలో ఉన్న డబ్బు కొద్దిరోజులకే సరిపోతుంది. మాట్లాడుకోవడానికి మనవాళ్ళు లేరు. చలికాలం మొదలవుతోంది.

ఆ సమయంలో ఉష్ణమండల వైద్య విభాగానికి చెందిన డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనకు అండగా నిలిచారు. మన డాక్టరు డిగ్రీతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. అందుకని సుబ్బారావు గారు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసి, పగలు చదువుకున్నారు. డాక్టరు చదివినవాడిని, ఈ పని చేయడమేమిటని సిగ్గుపడలేదు.

తర్వాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి ప్రయోగశాలలో చోటు దొరికింది. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. అది నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగానే పేరుపొందింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో వెల్లడించారు. అయితే అందరి స్నేహమూ చివరిదాకా ఒకేలా ఉండదు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు గారి పరిశోధనల్లో కొన్ని వెలుగు చూడలేదని తోటి శాస్త్రవేత్త జార్జి హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం కూడా దక్కలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన తర్వాత పదిమందికి దారి చూపించే వంతు ఆయనకు వచ్చింది. ఉద్యోగ విరమణ చేసిన డెబ్భై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు అక్కడ పని కల్పించారు. ఆ పెద్దాయన మట్టి నమూనాల నుండి ఆరియోమైసిన్ మందును వెలికితీశారు. సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ వైద్యం జరిగింది కూడా ఒకప్పుడు ఆయన పోర్టరుగా పనిచేసిన బోస్టన్ నగరంలోనే! బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషే.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అదే మందు అయింది. బడి పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రలో ఉన్నదీ అదే. చేదుగా ఉందని పారేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, ఆయన అమెరికాలోనే నిద్రలో కన్నుమూశారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరి గారు ఎన్నో ఏళ్ళు ఎదురుచూశారు. ఈ విజయం వెనుక ఆమె పడిన బాధనూ మరువకూడదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సోదర విద్యార్థులారా! కొత్త చోట సాయం అడగడానికి సిగ్గుపడకండి, దొరికిన పనిని చిన్నచూపు చూడకండి. జూన్ నెలలో ట్రంకుపెట్టెతో మన గోస్పాడు హాస్టల్‌కు వచ్చే కొత్త పిల్లవాడిని ముందుగా మీరే పలకరించండి. నంద్యాల దాటి హైదరాబాదులో, బెంగళూరులో, విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలకూ ఇదే మా విన్నపం: మీ ఊరికి మా తమ్ముడొకడు చదువుకో, ఉద్యోగానికో వస్తే, మొదటి నెల వాడికి తోడుగా ఉండండి.