మూడవ సాలార్‌జంగు

తాత, తండ్రి నిజాం రాజ్యానికి ప్రధానమంత్రులు. 1889లో పూనాలో జన్మించిన మీర్ యూసుఫ్ అలీఖాన్‌కు నెల నిండకుండానే పితృవియోగం కలిగింది. 1912లో ఆయనా ప్రధానమంత్రి పదవిని అలంకరించారు. 1914లో దానిని వదలి, తాతనాడు మొదలైన కళాభాండారాన్ని పెంపొందించడానికే జీవితాన్ని అంకితం చేశారు.

ఆయన సేకరణలో గడియారాలది విశిష్టస్థానం. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన వాద్యగడియారం వాటిలో తలమానికం. అందులో కమ్మరి బొమ్మ క్షణక్షణమూ సుత్తి వేస్తుంది. గంటగంటకూ మరొక బొమ్మ తలుపు తెరచుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిమార్లు గంట మ్రోగించి మరలిపోతుంది.

అవివాహితులైన నవాబు 1949లో సంతానం లేకుండానే కీర్తిశేషులయ్యారు. ఆ నిధి చెల్లాచెదరు కాకుండా, 1951లో నెహ్రూ చేతులమీదుగా ఆయన దేవిడీలోనే మ్యూజియం వెలసింది. మూడు తరాల వంశసంపద ప్రజల సొత్తయింది. 1968లో మూసీ ఒడ్డున నూతన భవనానికి తరలిన ఆ మ్యూజియంలో, బొమ్మ వెలువడే క్షణం కోసం బాలబాలికలు నేటికీ గుమిగూడి ఎదురుచూస్తారు.