వారసత్వ ధర్మాన్ని విప్పి చెప్పిన సయ్యద్ అమీర్ అలీ

ఒక మనిషి కన్నుమూసిన మరునాడే అతని ఆస్తి చుట్టూ అనేకులు చేరుతారు. అప్పిచ్చినవారు, భార్య, కుమారులు, కుమార్తెలు, ఒక్కొక్కప్పుడు ఊహ తెలియని పసివారు. వీరిలో ఎవరికి ఎంత చెందవలెనో నిర్ణయించేది ధర్మశాస్త్రం. ముస్లిముల ధర్మశాస్త్రాన్ని ఆంగ్లేయుల న్యాయస్థానాలకు బోధపడేటట్లు విప్పి చెప్పిన భారతీయులలో అగ్రగణ్యులు సయ్యద్ అమీర్ అలీ. చరిత్రకారులుగా వారి పేరు మన విద్యార్థులకు కొత్త కాదు. న్యాయవేత్తగా వారు చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఆ కృషినే ఇక్కడ సంగ్రహంగా వివరించదలచాము.

అమీర్ అలీ 1849 ఏప్రిల్ 6న ఒరిస్సాలోని కటకంలో జన్మించారు. తరువాత కుటుంబం బెంగాలులోని చిన్సురాకు చేరింది. అక్కడి హుగ్లీ కళాశాలలో వారి చదువు సాగింది. ఆ కళాశాల చరిత్ర మన విషయానికి సంబంధించినదే. హాజీ ముహమ్మద్ మొహసిన్ అనే నిస్సంతు దాత 1806లో తన ఆస్తిని వక్ఫు చేసి, 1812లో పరమపదించారు. ఆ నిధితోనే 1836లో హుగ్లీ కళాశాల వెలసింది. గతించినవాని ఆస్తి సక్రమంగా నిర్వహింపబడితే ఎన్ని తరాలకు వెలుగునిస్తుందో అమీర్ అలీ పుస్తకాలలో చదువవలసిన పనిలేకపోయింది. ఉత్తరోత్తరా హుగ్లీ ఇమాంబాడా నిర్వాహక సంఘానికి వారే దీర్ఘకాలం అధ్యక్షులైనారు.

వారు 1868లో చరిత్రలో ఎం.ఏ., మరుసటి సంవత్సరం న్యాయశాస్త్ర పట్టం పొందారు. ప్రభుత్వ విద్యార్థి వేతనంతో లండను వెళ్ళి, 1873లో బారిస్టరై కలకత్తాకు తిరిగివచ్చారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇస్లామీయ న్యాయశాస్త్రం బోధించారు. దానాలు, వక్ఫులు, వీలునామాల గురించి 1884లో వారు ఇచ్చిన టాగూరు న్యాయోపన్యాసాలు గ్రంథరూపం దాల్చి న్యాయవాదులకు కరదీపికలైనాయి.

ఈ శాస్త్రంలోని క్రమం స్పష్టమైనది. మృతుని ఆస్తిలోనుండి మొదట అంత్యక్రియల ఖర్చు, పిదప అప్పులు తీర్చవలెను. భార్యకు చెల్లవలసిన మహరు కూడా అప్పే. మిగిలినదానిలో మూడవ వంతుకు మించకుండా వీలునామా చెల్లుతుంది. ఆపైన ఉన్నది వారసుల సొత్తు. సంతానమున్నచో భార్యకు ఎనిమిదవ వంతు. కుమారునికి రెండు పాళ్ళయితే కుమార్తెకు ఒక పాలు. ఎవరి వాటా ఎంతైనా, అది ఒకరి దయాధర్మం కాదు, హక్కు.

1890లో అమీర్ అలీ కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అయినారు. ఆనాటి పెద్ద వివాదం కుటుంబ వక్ఫు. ఒకరు తన ఆస్తిని సంతతి అనుభవించేటట్లు, సంతతి అంతరించిన పిమ్మట బీదలకు చెందేటట్లు వక్ఫు చేసినచో అది చెల్లునా? 1892లో పూర్తి ధర్మాసనం చెల్లదన్నది. అమీర్ అలీ ఒక్కరే భిన్నాభిప్రాయం వ్రాశారు. ఇస్లామీయ ధర్మంలో తనవారిని పోషించడం కూడా పుణ్యకార్యమేననీ, ఆంగ్లేయుల ధర్మదాన భావంతో వక్ఫును కొలువరాదనీ వారి వాదం. 1894లో ప్రివీ కౌన్సిల్ అబుల్ ఫతా కేసులో వారి అభిప్రాయాన్ని పరిశీలించి కూడా అంగీకరించలేదు. బీదలకు దక్కవలసినది పేరుకు మాత్రమేనని ఆ వక్ఫును కొట్టివేసింది. ముస్లిములలో అసంతృప్తి ప్రబలింది. చివరకు ముహమ్మదలీ జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమై కుటుంబ వక్ఫుకు ప్రాణం పోసింది. ఓడిన అభిప్రాయం పందొమ్మిదేళ్ళకు శాసనమైనది.

అయితే ఈ విజయానికి మరొక ముఖం కలదని మేము చెప్పక తప్పదు. వీలునామాకు మూడవ వంతు హద్దు ఉన్నది. ఆరోగ్యవంతుడు బ్రతికుండగా చేసే వక్ఫుకు ఆ హద్దు లేదు. కనుక కుమారుల పేర్లు మాత్రమే వ్రాసి, కుమార్తెల వాటాను దాటవేయుటకు కుటుంబ వక్ఫు సాధనం కాగలదు. అమీర్ అలీ సమర్థించినది కుటుంబ పోషణను, ఆడబిడ్డల వంచనను కాదు. 2025 నాటి వక్ఫు సవరణ చట్టం, కుటుంబ వక్ఫు వలన స్త్రీలతో సహా ఏ వారసునికీ వారసత్వ హక్కు లుప్తం కాకూడదని పేర్కొన్నది. ఆ చట్టంలోని ఇతర విషయాలపై ఎన్ని వాదాలున్నా, ఈ ప్రశ్న మాత్రం నూరేళ్ళకు పైబడినది.

1904లో పదవీ విరమణచేసి అమీర్ అలీ ఇంగ్లండులో స్థిరపడ్డారు. 1909లో ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘంలో స్థానం పొందిన తొలి భారతీయులైనారు. ఒకనాడు తమ అభిప్రాయాన్ని తోసిపుచ్చిన పీఠంపైననే వారు కూర్చున్నారు. అక్కడ 1918లో ఇమాంబాందీ కేసులో వారు వెలువరించిన తీర్పు చిరస్మరణీయం. భర్త గతించిన ఒక స్త్రీ తన వాటాతోపాటు మైనరు బిడ్డల వాటాలను కూడా విక్రయించింది. ఆ విక్రయం బిడ్డలను బంధించునా? బంధించదన్నారు అమీర్ అలీ. బిడ్డను పెంచే హక్కు వేరు, బిడ్డ ఆస్తిపై అధికారం వేరు. ఆ అధికారం తండ్రికి, తండ్రి వీలునామాలో నియమించిన వానికి, తాతకు, తాత నియమించిన వానికి, ఆపైన న్యాయస్థానం నియమించిన వారికే కలదు. తల్లియైనా, పినతండ్రియైనా, అన్నయైనా కేవలం చెంతనున్నంత మాత్రాన మైనరు భూమిని అమ్మజాలరు.

ఈ తీర్పు తల్లి మనసుకు కఠినంగా తోచవచ్చు. బిడ్డల ఆకలి తీర్చుటకే అమ్మదలచిన తల్లి కూడా కోర్టు మెట్లు ఎక్కవలసినదే. కాని మృతుని సోదరులు వితంతువు చేత వేలిముద్ర వేయించుకొనే చోట ఆ పసివారికి ఇంతకన్నా గట్టి రక్ష వేరొకటి లేదు. తల్లికి దారి మూసినది కూడా కాదు. 1890 నాటి సంరక్షకుల చట్టం క్రింద ఆమె జిల్లా కోర్టులో అర్జీ పెట్టి సంరక్షకురాలు కావచ్చును. ఆ మీదట కోర్టు అనుమతితో అమ్మవచ్చును.

1928 ఆగస్టు 3న ఇంగ్లండులో అమీర్ అలీ పరమపదించారు. వారి జీవితం నుండి మన విద్యార్థులు గ్రహించవలసినది గ్రంథపాండిత్యం ఒక్కటే కాదు. మన ఇండ్లలో పెద్దలు గతించినప్పుడు అప్పుల లెక్క వ్రాయడం, మహరు చెల్లించడం, అక్కచెల్లెండ్ర వాటా అడుగకముందే ఇవ్వడం, అనాథ బిడ్డల ఆస్తిని ముట్టకుండడం, ఇవి చదువుకొన్నవారి బాధ్యతలు. సోదరి సిగ్గుపడి నోరు తెరవనంత మాత్రాన ఆమె తన హక్కు వదలుకొన్నట్లు కాదు. ఈ మాట మన కళాశాల నుండి వెళ్ళే ప్రతి విద్యార్థి తన ఇంట ఆచరించిననాడే ఆ మహనీయునికి మనం చేసే స్మరణ సార్థకమగునని మా విశ్వాసం.