పనసచెక్కలో పలికిన గొంతు: వైణికులు ఈమని శంకరశాస్త్రి

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి ఫోను చేసినప్పుడు, లెక్కల మాష్టారి బెత్తం గురించో, వాన పెద్దదైతే బడి వదిలేసిన రోజుల గురించో రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మన బడిలో చదవకపోయినా నా చెవులకు చదువు చెప్పిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాను. ఆయన ప్రసిద్ధ వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు. వారి ఊరు మనకు పరాయిదేం కాదు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగితే, అక్కణ్ణుంచి ద్రాక్షారామం ఎంతో దూరం ఉండదు.

నాతో పదో తరగతి చదివినవాళ్లకు నా గిటారు పిచ్చి గుర్తుండే ఉంటుంది. 1973లో వచ్చిన యాదోం కీ బారాత్ సినిమా మన ఊరికి కాస్త ఆలస్యంగా వచ్చింది. అందులో జీనత్ అమన్ చేతిలోని గిటారు చాలాకాలం నా కళ్లముందు నుంచి పోలేదు. అట్టపెట్టెకు రబ్బరు బ్యాండ్లు తగిలించి వెనక బెంచీలో వాయించి, బెంచీ ఎక్కి నిలబడ్డ కుర్రాణ్ణి నేనే. మా ఇంట్లో అమ్మమ్మ వీణ ఒకటి ఉండేది. నల్లబడిపోయిన పాత పనసచెక్క వీణ. పెళ్లికి ముందు నేర్చుకుందట. శుక్రవారం సాయంత్రం మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు కీర్తనలు వాయించుకుని, మళ్లీ గలేబు కప్పేసేది. నాకది దేవుడి గదిలో సామానులాగే కనిపించేది.

ఒక శనివారం రాత్రి రేడియోలో జాతీయ సంగీత కార్యక్రమం వస్తోంది. అమ్మమ్మ పెట్టిన స్టేషను మార్చబోయి ఆగిపోయాను. ఎవరో తీగను ఒక్కసారి మీటారు. ఆ మోత అక్కడితో తగ్గిపోతుందనుకుంటే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి, అక్కణ్ణుంచి మరోదానికి జారుకుంటూ, ఎవరో పాడుతున్నట్టే సాగింది. రెండో మీటు పడేదాకా నేను రేడియో మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాను. అదేదో కొత్తరకం గిటారు అనుకున్నాను. అమ్మమ్మ నవ్వి, అది తన దగ్గరున్నలాంటి వీణేననీ, వాయిస్తున్నది ద్రాక్షారామం ఈమని వారి అబ్బాయనీ చెప్పింది.

శంకరశాస్త్రి గారు 1922 సెప్టెంబరు 23న ద్రాక్షారామంలో పుట్టారు. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరస్వామి ఆలయం ఉన్న ఊరు. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారు తమ కాలంలో పేరున్న వైణికులు. కొడుక్కి తొలి గురువు కూడా ఆయనే. మిగతా పిల్లలు గురువు కోసం ఊళ్లు తిరిగితే, ఈ పిల్లవాడికి నిద్ర లేచింది మొదలు వీణ నాదమే. ఆయన ఆరేళ్లవాడుగా ఉన్నప్పుడు, 1928లో, కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి రైలు పడింది. 1940లో యుద్ధ అవసరాలకని ఆ పట్టాలు పీకేశారు. మళ్లీ అక్కడ రైలు కూత వినిపించింది 2004లోనే. ఊరి రైలు పోయిన ఆ రోజులకు ఈ కుర్రవాడు యువకుడయ్యాడు. ఇక వీణతో బయటి ప్రపంచానికి వెళ్లాలి.

ఆయన చేరింది మద్రాసు. అక్కడ ఎస్.ఎస్. వాసన్ గారి జెమినీ స్టూడియో సంగీత శాఖలో సాలూరి రాజేశ్వరరావు గారికి సహాయకుడుగా పనిచేశారు. ఇద్దరూ 1922లోనే, కొద్ది వారాల తేడాతో పుట్టినవాళ్లు. ఒకరు సాలూరు వైపు నుంచి, ఇంకొకరు గోదావరి ఒడ్డు నుంచి వచ్చారు. జెమినీ అంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. వయొలిన్లు, పియానో, గిటారు, బాకాలు, మృదంగం, తబలా అన్నీ ఒకే గదిలో మోగేవి. దేశవాళీ రాగం కట్టుకున్న పాట వెనక పాశ్చాత్య వాద్యాలు ఎక్కడ ఎంత పలకాలో లెక్క తెలియాలి. శంకరశాస్త్రి గారు ఆ లెక్క నేర్చారు. మంగళ, హిందీ సంసార్, మిస్టర్ సంపత్ వంటి జెమినీ చిత్రాలకు సంగీతం కూర్చినవారిలో ఆయన పేరు కనిపిస్తుంది. సంప్రదాయ కుటుంబంలో పుట్టి, త్యాగరాజ కీర్తనల మీద చెయ్యి తిరిగిన వైణికుడు సినిమా వాద్యబృందం మధ్య కూర్చోవడం అప్పట్లో కొందరికి మింగుడుపడని విషయమే. కానీ వాద్యాల గొంతులు వేరువేరుగా గుర్తుపట్టే చెవి ఆయనకు అక్కడే పదునెక్కి ఉంటుందని నా నమ్మకం. తరవాత ఆయన చేసిన పని అంతా ఆ చెవితోనే చేశారు.

1959లో ఆయన ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో సంగీత ప్రయోక్తగా చేరారు. అక్కణ్ణుంచి ఢిల్లీకి వెళ్లి ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి, అంటే వాద్యవృందకు, స్వరకర్తగా, నిర్వాహకుడుగా పనిచేశారు. 1952లో మొదలైన ఆ బృందాన్ని తొలిరోజుల్లో పండిట్ రవిశంకర్ వంటివారు నడిపారు. ఉత్తరాది సితారు, సరోదు, సారంగి పక్కన మన వీణ, వేణువు, మృదంగం కూర్చోబెట్టి, ఎవరి గొంతు వారిది పోకుండా కలిపి వాయించడం మాటలు కాదు. ఆ బృందం కోసం ఎవరెస్టు శిఖరారోహణం ఇతివృత్తంగా ఆయన చేసిన ఆదర్శ శిఖరారోహణం అనే రచనను సంగీతజ్ఞులు ఇప్పటికీ తలుచుకుంటారు. పాట లేదు, మాట లేదు. మనిషి ఒక కొండ ఎక్కడాన్ని వాద్యాలతోనే చెప్పాలి. బల్లపరుపు నేల మీద, కొబ్బరితోటల ప్రాంతంలో పెరిగినాయన ఆ మంచుకొండను ఎంచుకున్నారు.

జుగల్బందీల్లోనూ ఆయన ముందున్నారు. సితారు విద్వాంసులు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో, విచిత్రవీణ వాయించే గోపాలకృష్ణతో కలిసి వాయించారు. సితారు పక్కన వీణ పెట్టి వింటే ఒక సంగతి తెలుస్తుంది. సితారుకు కింద తరబ్ తీగలుంటాయి. మీటగానే అవి కూడా ఝుమ్మని తోడు పలుకుతాయి. వీణకు ఆ సాయం లేదు. వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు. నాదం నిలబడాలంటే చెక్కలో సత్తువ ఉండాలి, వేలిలో ఓపిక ఉండాలి.

ఈ ముక్క నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, అదీ గిటారు ద్వారానే. కాకినాడలో కాలేజీలో చేరాక, చదువు ముగించి వెళ్లిపోతున్న ఒక సీనియరు దగ్గర కలకత్తాలో తయారైన గిటారు కొన్నాను. మెరుగు బాగా ఉండేది, మోత పెద్దగా ఉండేది. మీటిన మరుక్షణం పోయేది. తరవాత ఉద్యోగం చేసిన ఊళ్లో ఒక మిత్రుడి ఇంట్లో పాతకాలపు పద్ధతిలో చేసిన చిన్న గిటారు ఒళ్లో పెట్టుకున్నాను. పైపలక పలుచటి స్ప్రూస్ చెక్క, పక్కలు మహాగనీ. రంగు పట్టీ పట్టనట్టు ఉంది. బరువే లేదు. ఒక తీగ మీటితే నా పొట్టకు ఆనుకున్న చెక్క వణకడం తెలిసింది. పెద్ద మోత లేదు, కానీ ప్రతి స్వరం గుండ్రంగా వచ్చి, నెమ్మదిగా సన్నగిల్లింది. ఎన్నో ఏళ్ల కింద రేడియో దగ్గర నిలబెట్టిన ఆ ఒక్క మీటు అప్పుడు గుర్తొచ్చింది.

గిటారుకు మెట్లు మెడలో పొదిగి ఉంటాయి. వీణకు ఇరవై నాలుగు మెట్లు, మైనం మీద నిలబెట్టి ఉంటాయి. మైనం కరిగితే మళ్లీ మేళం కట్టాలి. తీగ ఎత్తున ఉంటుంది కాబట్టి ఎడమచేతి వేళ్లతో పక్కకు లాగి, ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. కుడిచేత్తో మీటేది ఒక్కసారి. ఆ తరవాత ఆ నాదం చచ్చిపోయేలోగా దాన్ని ఎంత దూరం నడిపించగలం అన్నదే వైణికుడికి పరీక్ష. తొందరపడితే తీగ కీచుమంటుంది, ఆలస్యమైతే వినిపించడానికి ఏమీ మిగలదు. శంకరశాస్త్రి గారి వాదనాన్ని గాయక శైలి అనడానికి కారణం ఇదే. గాయకుడు ఒక ఊపిరిలో పాడేదాన్ని ఆయన ఒక మీటులో పలికించేవారు. ఆలాపన వింటుంటే అక్షరాలు లేవని తెలుస్తుంది గాని, మాటలు లేని వెలితి తోచదు. వేగం కావాలంటే వేగమూ ఉంది. కానీ నాకు ఆయన నెమ్మదే గొప్ప.

తండ్రి దగ్గర తెచ్చుకున్నదాన్ని ఆయన తన దగ్గరే ఉంచుకోలేదు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు ఆయన శిష్యులే. గురువు గారి నాదాన్ని పట్టుకుని, తనదైన దారిలో వీణను సామాన్య శ్రోతలకు ఇంకా దగ్గర చేశారు చిట్టిబాబు. కుమార్తె కళ్యాణి గారు కూడా వైణికురాలే. శంకరశాస్త్రి గారికి పద్మశ్రీ, సంగీత నాటక అకాడమీ పురస్కారాలు వచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసులుగానూ ఉన్నారు. 1987 డిసెంబరు 23న కన్నుమూశారు. సరిగ్గా మూడు నెలల కింద అరవై అయిదు నిండాయి. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను ఊళ్లో లేను. ఇంటికి ఉత్తరం రాశాను గాని, అమ్మమ్మ అప్పటికే లేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అమ్మమ్మ పోయాక ఆ వీణను ఎవరూ ముట్టలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా చూస్తూనే, తరవాత బాగుచేయిద్దాంలే అనుకుని, చివరికి అటక మీద పెట్టించింది నేనే. 1996 నవంబరు 6 రాత్రి మనలో ఎవరూ మరిచిపోలేరు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి, ఎన్నో ఇళ్లకు దీపం పెట్టే మనిషి లేకుండా పోయాడు. అంతటి దుఃఖంలో ఒక వీణ గురించి మాట్లాడటం సిగ్గుగా ఉంటుంది. మా ఇంటి పెంకులు లేచిపోయి అటక అంతా తడిసింది. పదిరోజుల తరవాత నేను వచ్చి చూస్తే మెట్లు ఊడి చెల్లాచెదరుగా ఉన్నాయి, సొరకాయ బుర్ర చితికిపోయింది, దండి మాత్రం నిలిచింది. మెట్లన్నీ ఏరి ఒక బిస్కట్ల డబ్బాలో వేశాను. లెక్కపెడితే ఇరవై మూడు.

ఆ డబ్బా నాతో పాటు మూడు ఊళ్లు మారింది. ఉద్యోగం నుంచి దిగాక గాని నాకు తీరిక చిక్కలేదు, బుద్ధీ రాలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేసేవాళ్లున్నారని తెలిసి, బండిలో పెట్టుకుని తీసుకెళ్లాను. అక్కడి పనివారు కుండ మీద వేలితో తట్టి, చెవి ఆనించి విన్నారు. ఒకే దుంగలో తొలిచిన పనస అనీ, ఇన్నేళ్లు ఎండిన చెక్క కొత్తగా దొరకదనీ, పగులు చిన్నదేననీ చెప్పారు. కొత్త బుర్ర తగిలించారు. పోయిన ఒక్క మెట్టు పోతపోయించారు. కొత్త మైనం పోసి మేళం కట్టి, తీగలు బిగించి, సారణి ఒక్కసారి మీటి నా వైపు చూశారు. నేను మాట్లాడలేకపోయాను.

నాకు వీణ రాదు. ఈ వయసులో సరళీ స్వరాల దగ్గరే తిరుగుతున్నాను. గిటారుకు అలవాటుపడ్డ ఎడమచెయ్యి మెట్టు నొక్కి ఆగిపోతోంది, లాగడం రావడం లేదు. అందుకే మన సంఘానికి ఒక మనవి. ఈ స్వర్ణోత్సవం సందర్భంగా అమ్మమ్మ వీణను మన బడికి ఇద్దామనుకుంటున్నాను. అద్దాల బీరువాలో పెట్టి దండ వేయడానికైతే ఇవ్వను. వారానికి రెండు రోజులు వీణ నేర్పే మాష్టారినో, టీచరమ్మనో సంఘం తరఫున పెట్టిద్దాం. మొదటి రెండేళ్ల జీతం నాది. తరవాతి సంగతి మీరంతా చూడాలి. పిల్లలు అపస్వరాలు వాయిస్తారు, మెట్లు కదిలిస్తారు, తీగలు తెంపుతారు. తెంపనివ్వండి. మళ్లీ కట్టిద్దాం. గోదావరికి అవతలి ఒడ్డున ఒక తండ్రి ఒళ్లో మొదలైన నాదం ఢిల్లీ దాకా వెళ్లింది. ఇవతలి ఒడ్డున మన బడిలో ఒక్క పిల్ల చేతిలో అది మళ్లీ పలికితే, ఆ శనివారం రాత్రి రేడియో మార్చకుండా ఆగినందుకు నాకు అంతే చాలు.